బ్యాడ్జి దాచిన చోటు

"నిన్ను తీసుకోవడం కుదరదయ్యా," అన్నాడు భద్రతాధికారి, కంప్యూటర్ తెర మీంచి చూపు తిప్పకుండా.

పైపుల ఫొటోలవాడు అక్కణ్ణించి కదల్లేదు. వెల్డింగు చేసిన పైపుల్లో పగుళ్ళున్నాయేమోనని రేడియేషన్‌తో ఫొటోలు తీయడం తప్ప అతనికి మరో పని రాదు. ఈ కంపెనీ కూడా పొమ్మంటే ఇక వెళ్ళడానికి చోటు లేదు. పైగా అధికారి కొత్తవాడేం కాదు. పాత ఫ్యాక్టరీలో ఇద్దరూ ఏళ్ళ తరబడి కలిసి పనిచేసినవాళ్ళే. ఆయన ముందుగా కంపెనీ మారాడు, అంతే తేడా.

ఆ మొహమాటమైనా లేకుండా అధికారి సంగతి వివరించాడు. ఒంటికి తగిలిన రేడియేషన్ లెక్క కంపెనీ మారినంత మాత్రాన మాసిపోదట. ఛాతీకి పెట్టుకునే బ్యాడ్జి ఏ కంపెనీలో ఎంత డోసు చూపించిందో అంతా ఒకేచోటికి చేరుతుందట. ఇతని లెక్క ఎప్పుడో హద్దు దాటిపోయిందట.

"ఆ లెక్క తప్పు సార్. నేనసలు బ్యాడ్జి పెట్టుకుంటేగా."

అధికారి తల ఎత్తాడు. డోసు నిండితే పనిలోంచి తీసేస్తారని భయపడి, బ్యాడ్జిని రేడియేషన్ సోకని చోట దాచి పనిలోకి దిగేవాణ్ణని ఫొటోలవాడు నీళ్ళు నములుతూ చెప్పాడు. అధికారి చెడామడా తిట్టాడు. ప్రాణం మీద తీపి లేదా అన్నాడు, పెళ్ళాం పిల్లలు గుర్తురాలేదా అన్నాడు. పొద్దస్తమానం కుర్చీలో కూర్చునేవాడికి దేనికని తను మాత్రం ఒక్కరోజూ బ్యాడ్జి పెట్టుకోలేదు, అది వేరే సంగతి.

తిట్టడం అయ్యాక కాస్త మెత్తబడ్డాడు.

"ఎక్కడ దాచేవాడివో చెప్పు. ఆ డోసు నీది కాదని నేనే రాసిస్తాను."

"చెప్తే కోప్పడతారు."

"కోప్పడను, చెప్పు."

"పాత ఫ్యాక్టరీ మొత్తంలో అంతకన్నా భద్రమైన చోటు నాకు తోచలేదు సార్. మీ కుర్చీ అడుగున అంటించేవాణ్ణి."

అధికారి కోప్పడలేదు. ఆ కుర్చీ వెనక గోడకి అవతలే రేడియేషన్ సామాను పెట్టే గది ఉండేది. రేడియేషన్ ఆపడానికి ఆ గోడ మందం సరిపోతుందని సంతకం పెట్టింది కూడా ఆయనే, ఆ కుర్చీలోంచి లేవకుండానే.

ఆయన పెన్ను మూతైనా తీయలేదు. మాట తప్పుతాడేమోనని ఫొటోలవాడికి భయం పట్టుకుంది.

"నాది కాదని రాస్తే చాలు సార్," అన్నాడు బతిమాలుతూ. "ఎవరిదో రాయక్కర్లేదులెండి."