తొట్టిలో మంచినీళ్లు

ఇస్మత్ తలుపు తీసేసరికి ఎదురుగా యాభై ఏళ్ల మనిషి, చేతిలో బరువైన గోనెసంచి.

"అమ్మా, బహ్గత్ గారి ఇల్లు..."

"ఇదే. చేపల తొట్టి ఫిల్టరు పనికేగా? మొన్న వస్తానని ఇవాళా రావడం? వంటింటి వైపు నుంచి రా ఉస్తా. ఇక్కడ తివాచీ ఉంది."

అతను ఏదో చెప్పబోయి, మానుకుని, వంటింటి వైపు నడిచాడు.

అలెగ్జాండ్రియాలో మరమ్మతులు చేసే ఏ ఉస్తా అయినా చెప్పిన రోజుకి వస్తే వింత. అందుకని ఇస్మత్‌కి అనుమానం రాలేదు.

అసలామెకి ఏదీ రావడం లేదు. భర్త బహ్గత్ పోయి ముప్ఫై రెండు రోజులు. ఏడుపు రాలేదు, ఆకలి రాలేదు. ఎవరైనా పలకరిస్తే ఆ మాటలు పక్కింట్లో రేడియోలా వినిపిస్తున్నాయి.

ఆ శుక్రవారం పొద్దున్న బహ్గత్ ఎప్పటిలాగే రెండు డబ్బాలు పట్టుకుని, తొట్టికి సముద్రపు నీళ్లు తేవడానికి వెళ్లాడు. ఒడ్డునే కూలిపోయాడు. ఎవరో టాక్సీలో ఆసుపత్రికి తెచ్చారట. ప్రాణం పోయేదాకా చెయ్యి పట్టుకుని కూర్చుని, పేరు చెప్పకుండా వెళ్లిపోయారట.

ఇస్మత్ మూడుసార్లు ఆసుపత్రికెళ్లి అడిగింది. ఎవరూ చెప్పలేకపోయారు. ఆ మనిషి దొరికితే ఆమె అడగాల్సింది ఒక్కటే. చివర్లో ఆయన ఏమన్నారు?

ఆయన పోయిన వారానికే తొట్టిలో చేపలు తేలిపోయాయి. ఇల్లంతా నీచు కంపు. నలభయ్యో రోజు ప్రార్థనలకి చుట్టాలొస్తారు.

"ఉప్పునీళ్లు తీసేయాలా అమ్మా? మొత్తమా?" తొట్టి ముందు మోకాళ్ల మీద కూర్చుని అడిగాడతను.

"మొత్తం. మంచినీళ్లకి మార్చెయ్. ఈ ఇంట్లో ఇక సముద్రం ఊసు వద్దు."

అతను తన సంచి వైపు ఒకసారి చూసి, దాన్ని తొట్టి బల్ల కిందికి తోశాడు.

"మూల ఒకటి బతికే ఉందమ్మా."

రాయి చాటున వేలెడంత నల్ల చేప.

"మంచినీళ్లు పడితే అదీ పోతుందిలే."

"పోదు. ఇది మాలీ. రెండు నీళ్లలోనూ బతుకుతుంది. తొందరపెడితేనే చస్తుంది. వారం రోజులివ్వండి."

బహ్గత్ చేతి మేత తిన్న ప్రాణి అదొక్కటే మిగిలింది. అది పోకూడదనిపించింది ఇస్మత్‌కి. ముప్ఫై రెండు రోజుల్లో ఆమెకి ఏదైనా అనిపించడం అదే మొదలు.

చేపని ఉప్పునీళ్లతో సహా బకెట్లోకి మార్చాడు. రోజూ వచ్చి, ఆ నీళ్లు కొన్ని తీసి, ఒకరోజు నిలవుంచిన కుళాయి నీళ్లు కొన్ని పోసేవాడు.

"ఈ పొడుగు గొట్టం దేనికి?"

"నురగతో మురికి లాగేదమ్మా. మంచినీళ్లలో నురగ కట్టదు. దీనికిక పనిలేదు."

పగడపు రాళ్లూ ఇసుకా తోడి పారేశాడు. వాటిల్లోని పురుగూ పుట్రా మంచినీళ్లలో చచ్చి కుళ్లుతాయట.

మూడో రోజు గోధుమరంగు జిగురు కారుతున్న స్పాంజి ఒకటి తెచ్చి ఫిల్టరులో పెట్టాడు.

"ఛీ, ఏంటయ్యా ఆ మురికి? కొత్తది కొనిచ్చేదాన్నిగా."

"కొత్తదైతే ఉత్త స్పాంజేనమ్మా. ఇది మా ఇంటి తొట్టిలో మూడేళ్లు నానింది. నీళ్లని బాగుచేసే సూక్ష్మజీవులు ఈ జిగురులోనే ఉంటాయి. మీ ఫిల్టరులో ఉన్నవి ఉప్పునీటివి, ఇక బతకవు. కొత్తగా పుట్టాలంటే నెల పడుతుంది. కుళాయి కింద మాత్రం కడగకండి."

"మరి మీ ఇంట్లో చేపలు?"

"చూద్దాం" అన్నాడతను. ఫిల్టరు మూత బిగించి, "అమ్మా, అయ్యగారి గురించి ఒక్క మాట..." అన్నాడు.

"పరామర్శలు విని విని చెవులు మొద్దుబారాయి ఉస్తా. పని కానివ్వు."

అతను పని కానిచ్చాడు.

ఏడో రోజు మాలీని తొట్టిలోకి వదిలాడు. అది కాసేపు అడుగున నక్కి, తర్వాత పైకొచ్చి మేత అందుకుంది. ఇస్మత్ అక్కడే నిలబడిపోయింది.

"టీ తాగుతావా?"

"కాఫీ ఇవ్వండమ్మా. చక్కెర వద్దు."

పనివాళ్లు నాలుగు చెంచాల చక్కెర వేయించుకుంటారు. చక్కెర లేని కాఫీ తాగేది చావింట్లో.

"ఏం, షుగరుందా?" అంది ఇస్మత్.

అతను నిలబడే తాగి, "దేవుడు మీకు ఓర్పునివ్వాలి" అని వంటింటి తలుపు గుండా వెళ్లిపోయాడు.

నలభయ్యో రోజు పొద్దున్న ఫోను మోగింది.

"మేడమ్, ఫిల్టరు ఉస్తాని. నడుం పట్టేసి ఇన్నాళ్లూ రాలేకపోయాను, ఏమనుకోకండి. ఇవాళ రానా?"

ఇస్మత్ ఫోను పెట్టేసి, కాపలాదారు ఖల్లాఫ్‌ని పిలిచింది.

"ఆ తొట్టి బాగుచేసినతను ఎవరు?"

"మీకు తెలిసినాయనే అనుకున్నానమ్మగారూ. మీ తరఫున కూలి ఇవ్వబోతే పుచ్చుకోలేదు. సముద్రపు చేపలు పెంచే బహ్గత్ గారి ఇల్లెక్కడని నెల్లాళ్లు ఈ వీధులన్నీ తిరిగాడట."

"పేరేంటి?"

"మీరు అడిగుంటారనుకున్నాను."

ఇస్మత్ వంగి బల్ల కింద చూసింది. గోనెసంచి అక్కడే ఉంది. లోపల నీలం డబ్బా, నిండుగా. డబ్బా మీద గోళ్లరంగుతో ఎర్రటి గీత. తాగేనీళ్ల డబ్బాలతో కలిసిపోకుండా ఆమె స్వయంగా గీసిన గీత. బహ్గత్ పట్టుకెళ్లిన రెండు డబ్బాల్లో ఆసుపత్రి నుంచి ఒకటే ఇంటికొచ్చింది.

మూత తీసింది. సముద్రం వాసన. ఆ శుక్రవారం బహ్గత్ నింపిన నీళ్లు.

నలభై రోజులుగా ఆమె వెతుకుతున్న మనిషి ఏడు రోజులు ఆ బల్ల ముందే మోకాళ్ల మీద కూర్చున్నాడు, ఒక్క మాట చెప్పబోతే పని కానివ్వమన్నది ఆమే.