సెలూన్ కుర్చీ చూసిన నీడ

సెలూన్ కుర్చీలన్నీ కూర్చున్నవాడి లోపలి బొమ్మ తీయడం మొదలుపెట్టాక, తణుకులో మగవాళ్ళు క్షవరానికి కాస్త బెదురుగానే వెళ్తున్నారు.

అరవై దాటిన ప్రణీత్‌తో మొదటి కుర్చీ, "ప్రోస్టేట్‌లో నీడ ఉందండి. క్యాన్సర్ కావచ్చు, కాకపోవచ్చు. సూదితో ముక్క తీసి చూస్తేగాని తేలదు" అంది. సూది ఏ దారిన పోతుందో కూడా చెప్పింది.

ప్రణీత్ పక్క వీధి సెలూన్‌కి పోయి, ఇంకాస్త పొట్టిగా కత్తిరించమన్నాడు. ఆ కుర్చీ ఏమీ లేదంది. ఆనందం పట్టలేక, ఖాయం చేసుకుందామని మూడో కుర్చీ ఎక్కాడు. అది నీడ ఉందంది. లెక్క సమం చేద్దామని నాలుగోది ఎక్కేసరికి కత్తిరించడానికేమీ మిగల్లేదు. సెలూన్ అతను గుండు గీసేశాడు. ఆ కుర్చీ కూడా మొదటి కుర్చీ మాటే చెప్పింది.

భార్య తేజస్వి ఆ నున్నటి తల వంక చూసి, "ఊళ్ళో ఇంకా కుర్చీలున్నాయిగానీ, మీకు జుట్టు లేదు. సూదికి పదండి" అంది.

ఇద్దరూ ఆసుపత్రికి ఆటో ఎక్కుతుంటే ఎదురింటాయన పలకరించాడు. "తిరుపతి వెళ్ళొచ్చారాండీ? లడ్డూ ఏదీ?"

"గుండు అయ్యిందండి," అన్నాడు ప్రణీత్. "దర్శనం ఇంకా అవ్వలేదు."