బాలమల్లుకు రాని ఆట

భార్య కైనాత్ పోయేనాటికి మునీర్ చేతిలో ఉన్నవి: కాగజ్‌నగర్ మిల్లు రోడ్డులో ఒక గేమ్ షాపు, ఒక టీవీ, ఒక పాత గేమ్ మిషను, అందులో ఇరుక్కుపోయిన స్కేట్‌బోర్డు ఆట డిస్కు.

పిల్లలంతా ఫోన్లలో ఆడుకుంటున్నారు. మునీర్ నోరు తెరిచే అవసరమే రావడం లేదు.

ఒక మధ్యాహ్నం వానలో తడుస్తూ ఒక పెద్దాయన లోపలికి వచ్చాడు.

"నా పేరు బాలమల్లు. మా బిడ్డ ఇంటికొచ్చిన. గిదేం ఆట భాయ్?"

"చక్రాల పలక మీద దూకుడు. నీకెందుకన్నా, నడుము పట్టుకుంటది."

"పట్టుకుంటే టీవీల పిలగానికి పట్టుకుంటది గాని నాకా? జర నేర్పు."

మునీర్ రిమోటు ఇచ్చాడు. బాలమల్లు మొదటి మెట్ల దగ్గరే టీవీలో పిల్లాణ్ణి బోర్లా పడేశాడు.

"అరె, ముందుగాలనే నొక్కుతవేంది! మెట్ల పక్క కమ్మీ దగ్గరికి పోయినంక దూకాలె."

"గట్లనా?"

మర్నాడు మళ్ళీ వచ్చాడు. మళ్ళీ అక్కడే పడ్డాడు.

"అవి చేతులా, రోకలిబండలా?"

"బొగ్గు తవ్విన చేతులు భాయ్. మెల్లగ వస్తది. మల్ల చెప్పు."

మునీర్ మళ్ళీ చెప్పాడు. చెబుతూ చెబుతూ మిల్లు మూతపడ్డప్పటి సంగతులు చెప్పాడు. కైనాత్ వండే బగారన్నం గురించి చెప్పాడు. ఆమెతో ఆస్పత్రుల చుట్టూ తిరిగిన రోజులూ చెప్పాడు.

బాలమల్లు ఆటలో పడుతూనే ఉన్నాడు. "తర్వాత?" అంటూనే ఉన్నాడు.

వానాకాలం అయిపోయింది. ఆయనకు ఆట రాలేదు.

మునీర్ వ్యాపారి. ఒక్క గిరాకీ కోసం, అదీ ఎన్నటికీ నేర్చుకోని గిరాకీ కోసం షాపు తెరిచి కూర్చోవడం నష్టమని తేల్చుకున్నాడు. మిషను అమ్ముతానని ఫోన్లో పెట్టాడు. గోదావరిఖని నుంచి సిద్ధు అనే యువకుడు బేరం కుదుర్చుకున్నాడు. చిన్నప్పుడు ఆడిన ఆటట.

"రేపటి సంది రాకన్నా. మిషను అమ్ముతున్న."

బాలమల్లు రిమోటు కింద పెట్టలేదు. "ఇంకొన్ని దినాలు ఉంచరాదు?"

"ఉంచితే నేర్చుకుంటవా?"

"ఏమో భాయ్."

"మరి నాకేం లాభం?"

బాలమల్లు రిమోటు కింద పెట్టాడు. "రేపటి సంది పగటిపూట ఏం చేస్తవు?"

"పండుకుంట."

ఆయన లేచి వెళ్ళిపోయాడు.

మర్నాడు సిద్ధు వచ్చాడు. మిషను మూట కట్టుకుంటూ అన్నాడు:

"చాచా, రైలు దిగంగనే మా బాలమల్లు కాక కలిసిండు. ఊరికి పోతుండు. దినాం నీ షాపుకే వచ్చేటోడట గద!"

"ఎవరు, గా ఆట రాని పెద్దమనిషా?"

సిద్ధు పకపకా నవ్వాడు.

"రాకపోవుడేంది చాచా? గనిల నౌకరి అయినంక మా కాలనీల గేమ్ షాపు నడిపిండు. గీ ఆట మాకందరికి నేర్పిందే కాక. కండ్లు మూసుకొని ఆడుతడు."

మునీర్ వాకిలి దాకా వెళ్ళి రోడ్డు వైపు చూశాడు.

"మల్ల రాడా?"

"'ఇగ గక్కడ నాకేం పనిరా' అన్నడు."

"మరి వానాకాలమంతా నా దగ్గర పడి పడి ఏం సంపాయించుకున్నడు?"

"నేను గూడ గదే అడిగిన చాచా. 'నాకేముందిరా, ఆట వచ్చిందంటే మునీర్ మాట్లాడుడు ఆపేస్తడు' అన్నడు."