కట్టులో ఇసుక

నాటువైద్యురాలు లాంగి పూటపూటా ఆకుపసరు పోసి కట్టు మారుస్తూనే ఉంది. అయినా ఇయాకోపో కాలి గాయం మానడం లేదు. పగడపు దిబ్బకు చీరుకుపోయిన కాలు అది. కొండమీది ఇంట్లో, చాప మీంచి లేవలేని మనిషి కట్టులోకి రోజూ తడి ఇసుక ఎలా వస్తోందో ఆమెకు అంతుపట్టలేదు.

"ఇలాగే ఉంటే పట్నంలో కాలు తీసేస్తారురా. ఏం దాస్తున్నావు?"

"పడవ తిరగబడ్డప్పుడు అన్న చెయ్యి నేనే వదిలేశానత్తా. శవం కూడా దొరకలేదు."

ఆ రాత్రే అతణ్ణి ఒడ్డుకు మోయించి, బెరడుతో చేసిన గుడ్డ పరిపించింది. సముద్రంలో పోయినవాడికి సవాయి దీవిలో చేసేది ఇదే. గుడ్డ మీదికి మొదట ఎక్కిన ప్రాణే ఆ మనిషి. దాన్ని మూటగట్టి పాతిపెట్టాలి.

చాలాసేపు అలల చప్పుడు తప్ప ఏ అలికిడీ లేదు. తర్వాత ఒక పీత మెల్లగా గుడ్డ ఎక్కి, అతని కట్టు పక్కనే ఆగింది.

"బతికున్నప్పుడూ ఇంతే, ఎప్పుడూ ఆలస్యమే," అని నవ్వబోయి ఇయాకోపో భోరుమన్నాడు.

పీతను పాతి వచ్చాక అతనికి నిద్రపట్టింది. తెల్లవారకముందే లాంగి కట్టు విప్పి చూసింది. పొడిగా ఉంది. గాయం అంచులు దగ్గరపడుతున్నాయి. ఆమె గుండె తేలికపడింది.

అరుగు మీద మాత్రం తడి పాదాల గుర్తులున్నాయి. అన్నీ బయటికే వెళ్తున్నాయి.