పూడ్చకూడని రంధ్రం

“పదింటికి రమ్మంటే పన్నెండింటికా రావడం?”

తలుపు తీస్తూనే విరుచుకుపడ్డాడు పళ్ళ డాక్టరు.

గుమ్మంలో నిలబడ్డ మనిషికి అరవై దాటి ఉంటాయి. చేతిలో స్పానరు. చొక్కా నిండా దుమ్ము.

“డాక్టరుగారూ, నేను...”

“నీ కథలు తర్వాత. ముందు పని చూడు.”

ఆ మనిషి లోపలికి వచ్చాడు.

హాల్లో గోడ పొడవునా చేపల తొట్టి. దాని కింద అలమారలో ఇంకో చిన్న తొట్టి. పైన పొంగిన నీళ్ళు ఒక గొట్టంలోంచి కిందికి దిగి, అక్కడ శుభ్రపడి, మోటారు తోస్తే రెండో గొట్టంలోంచి మళ్ళీ పైకెక్కుతాయి. కరెంటు ఉన్నంతసేపూ ఏ గొడవా లేదు. పోయిందంటే చాలు, కింది తొట్టి పొంగి హాలు మడుగైపోతుంది.

మూడు నెలల్లో నాలుగుసార్లయింది.

“సాయంత్రం ఆరింటికి అపార్టుమెంటు సెక్రటరీ వచ్చి కరెంటు ఆపి చూస్తాడు. ఒక్క చుక్క నేలమీద పడినా తొట్టి ఎత్తేయాలిట. అదిగో, ఆ నల్ల చేప. పదకొండేళ్ళది. ఇంట్లో అందరం పెద్దాయనంటాం. ఈ వయసులో చోటు మారిస్తే రెండ్రోజులు బతకదు.”

ఆ మనిషి చేపని చూశాడు.

“అంతా ఆ కిందింటివాడి నిర్వాకం,” డాక్టరు పళ్ళు నూరాడు. “మీ నీళ్ళు మా పడగ్గదిలో పడుతున్నాయంటూ తలుపు సందులోంచి చీటీలు తోస్తాడు. ఇంతవరకూ ఒక్కసారి ఎదురుగా వచ్చి మొహం చూపించలేదు సన్నాసి.”

“మీరు పగలంతా క్లినిక్కులో ఉంటారేమో.”

“అక్కడికే రావచ్చుగా. రెండు పళ్ళు ఊడబీకి పంపేవాణ్ణి.”

ఆ మనిషి దవడ బిగిసింది. మోకాళ్ళమీద కూర్చుని అలమారలోకి చూసి, లేచి, నీళ్ళు పైకెక్కే గొట్టం పొడవునా వేలితో తడిమాడు.

“నీటిమట్టం దగ్గర దీనికి చిన్న రంధ్రం ఉండాలే?”

“ఉండేది. ఒకటే బుసబుసలు. నేనే పూడ్చేశాను.”

“దేంతో?”

“పన్ను సిమెంటుతో. ఇరవయ్యేళ్ళు కదలదు.”

రంధ్రం కనిపిస్తే డాక్టరు చెయ్యి ఊరుకోదు మరి.

ఆ మనిషి మొదటిసారి ఆయన కళ్ళలోకి చూశాడు.

“అది గాలి కోసం పెట్టింది. మోటారు ఆగగానే పైనున్న నీళ్ళన్నీ ఈ గొట్టంలోంచే వెనక్కి గుంజుకొస్తాయి. ఆ రంధ్రంలోంచి గాలి దూరితేనే ఆ గుంజుడు తెగుతుంది. మీరు దాని ఊపిరి మూసేశారు.”

“నాకు పాఠాలు చెప్పకు.”

“ఎవరో ఒకరు చెప్పాలిగా.” గొంతు పెరగలేదు కానీ మాటలో సెగ తగిలింది. “నీళ్ళకి ఎవరిమీదా కోపం ఉండదు డాక్టరుగారూ. వాటికి తొట్టిలో చోటు లేకపోతే జనం పడుకునే చోటికి పోతాయి.”

డాక్టరుకి ఒళ్ళు మండింది. ఆరింటి సంగతి గుర్తొచ్చి తమాయించుకున్నాడు.

ఆ మనిషి సిమెంటుని మేకుతో తొలిచాడు. పక్కనే ఇంకో రంధ్రం వేశాడు.

“రెండెందుకు?”

“ఒకదాంట్లో నత్త దూరి కూర్చున్నా రెండోది ఉంటుంది. వారానికోసారి పుల్లతో పొడిచి చూసుకోండి.”

కింది తొట్టిలోంచి అర బకెట్టు నీళ్ళు తోడి, అద్దంమీద గీత గీశాడు.

“ఈ గీత దాటి ఎప్పుడూ నింపొద్దు. పైనుంచి దిగే నీళ్ళకి ఆ ఖాళీ కావాలి.”

“అయిందా? ఇక దయచెయ్యి. సాయంత్రం చుక్క పడిందో, ఈ చుట్టుపక్కల ఎక్కడా నీకు పని దొరకనివ్వను.”

ఆ మనిషి గుమ్మం దగ్గర ఆగాడు.

“పెద్దాయన జాగ్రత్త,” అని మెట్లు దిగిపోయాడు.

ఆరింటికి సెక్రటరీ మెయిన్ స్విచ్ ఆపాడు.

కింది తొట్టిలో నీళ్ళు ఎగబాకాయి. గీత దాటాయి. అంచువైపు పాకుతున్నాయి.

పైన గొట్టం బుస్సుమంది.

అంచుకి రెండు వేళ్ళ కింద నీళ్ళు నిలబడిపోయాయి. నేలమీద చుక్క లేదు.

“గట్టెక్కారు సార్,” అన్నాడు సెక్రటరీ.

“పిలవండి ఆ కిందింటివాణ్ణి. వచ్చి నేలంతా తడిమి చూసుకోమనండి.”

సెక్రటరీ స్విచ్ వైపు నడిచాడు.

ఇంతలో డాక్టరు ఫోను మోగింది. పదింటికి రావాల్సిన ప్లంబరు.

“సార్, ఏమనుకోకండి. ఇవాళ రాలేకపోయాను. రేపు పొద్దున్నే వచ్చేస్తాను.”

డాక్టరు ఫోను చెవి దగ్గరే పెట్టుకుని అయోమయంగా సెక్రటరీ వైపు తిరిగాడు.

“మరి మధ్యాహ్నం వచ్చిందెవరు?”

సెక్రటరీ స్విచ్ మళ్ళీ వేస్తూ, ఆయన వైపు చూడకుండా చెప్పాడు:

“ఆ తడి గదిలో భార్యకి ఆయాసం ఎక్కువైందని ఇవాళే ఇల్లు ఖాళీ చేశారు సార్, సామానంతా వ్యానుకెక్కించాక ‘మా తర్వాత దిగేవాళ్ళకి నెలల బిడ్డ ఉందట’ అంటూ స్పానరు తీసుకుని మీ ఇంటికి వచ్చారు, కిందింటాయన.”