గోడ మీద కచేరీ

లలిత్ ఇంట్లో నూట పన్నెండు సంగీత కచేరీల పోస్టర్లున్నాయి. పాట వినే సాధనం ఒక్కటీ లేదు.

ఈ సంగతి బయటపెట్టింది అపార్ట్‌మెంట్ అసోసియేషన్ కార్యదర్శి పద్మనాభం. నీళ్ళ పైపు కారుతోందంటే చూడటానికి మూడో అంతస్తులో అతని ఇంటికి వెళ్ళి, పైపు సంగతి మరిచిపోయి గోడలు చూసి వచ్చాడు. హాల్లో, పడగ్గదిలో, ఆఖరికి వంటింటి గట్టు పైన కూడా పోస్టర్లే. డెబ్బైల నాటి రాక్ బృందాలు, శ్రీరామనవమి కచేరీలు, ఎవరో ఊరూపేరూ తెలియని షెహనాయి విద్వాంసుడు. అన్నీ అవెన్యూ రోడ్డు పాత కాగితాల కొట్లలో ఏరి తెచ్చి ఫ్రేములు కట్టించినవి.

"ఇడ్లీ తినడట. మెనూ కార్డులు దాచుకుంటాడట!" అన్నాడు పద్మనాభం.

బెళ్ళందూరులోని ఆ అపార్ట్‌మెంట్ వారం రోజులు ఆ మాటతోనే టిఫిన్ చేసింది.

పద్మనాభానికి లలిత్ మీద పాత కోపం ఒకటుంది. ఆయన గాయకుడు. కనీసం ఆయన ఉద్దేశంలో. నెలకోసారి క్లబ్‌హౌస్‌లో మైకు పట్టుకుంటాడు. రెండో పాట ఎత్తుకునేసరికి జనానికి ఇంట్లో పొయ్యి మీద పెట్టిన కుక్కర్లు గుర్తొస్తాయి. కొత్తగా వచ్చిన లలిత్ ఒక్కడే ముందు వరసలో కూర్చుని, కదలకుండా, రెండు గంటలూ ఆయన్నే చూశాడు. చప్పట్లు మాత్రం పక్కవాడు మొదలుపెట్టాక, వాణ్ణి చూసి కొట్టాడు.

"వెటకారం!" అని తేల్చేశాడు పద్మనాభం.

తర్వాత రెండో అంతస్తు లీలావతి నోరు విప్పింది.

"మాట్లాడుతుంటే కళ్ళలోకి చూడడండీ. మూతి వైపే చూస్తాడు. అదేం చూపు? పార్కింగ్‌లో వెనకనుంచి మూడుసార్లు పిలిచాను. తల తిప్పితే ఒట్టు!"

అక్కడితో నవ్వులాట ఫిర్యాదయింది. ఒంటరి మగవాడు, నడవడి బాగాలేదు, ఖాళీ చేయించండి అని ఇంటి ఓనరుకి ఉత్తరం తయారైంది. దాని నకలు ఒకటి లలిత్ చేతికివ్వడానికి ఆదివారం ఉదయం పద్మనాభం, లీలావతి పైకెళ్ళారు.

తలుపు తీసే ఉంది. పనిమనిషి అక్కయమ్మ నేల తుడుస్తోంది. లలిత్ వాళ్ళని చూసి, పోస్టర్ల కోసం వచ్చారనుకుని మురిసిపోయాడు.

"రండి సార్! ఇది చూడండి. డ్రమ్మరు కర్ర పైకెత్తాడు. ఇంకా కిందికి దించలేదు. దించకముందే పట్టేశారు."

"ఇంతకీ ఒక్క పాటయినా వచ్చా మీకు?" పద్మనాభం సూటిగా అడిగాడు.

లలిత్ నవ్వాడు. "పాతవి కొన్ని గుర్తున్నాయి సార్. కొత్తవి తెలీవు."

అని గోడవైపు తిరిగి, పక్క ఫ్రేము మీది దుమ్ము చొక్కా అంచుతో తుడవసాగాడు.

"ఫేక్ ఫెలో!" అన్నాడు పద్మనాభం, ఆ వీపుకేసి గట్టిగా.

లీలావతి ఉలిక్కిపడింది. లలిత్ తుడుస్తూనే ఉన్నాడు.

"చూశారా మేడమ్, సిగ్గు కూడా లేదు."

ఉత్తరం బల్లమీద పెట్టారు. లలిత్ నిలబడే చదివాడు. మళ్ళీ మొదటినుంచి చదివాడు.

"నేనేం చేశాను సార్?"

"అది మీకే తెలియాలి," వంగి చెప్పులు తొడుక్కుంటూ గొణిగాడు పద్మనాభం.

లలిత్ కూడా వంగి, ఆయన ముఖంలోకి చూశాడు. "ఏమన్నారు? ఇంకోసారి చెప్పండి సార్."

"నటన!" అంది లీలావతి, గుమ్మం దాటుతూ.

లిఫ్టు కోసం నిలబడి ఉండగా అక్కయమ్మ చెత్త సంచీ పట్టుకుని బయటికొచ్చింది. ఓనరుకి చెప్పడానికి ఒక సాక్ష్యం కూడా దొరికినట్టవుతుందని పద్మనాభానికి తోచింది.

"అక్కయమ్మా, నిజం చెప్పు. మీ సారు ఎన్నడైనా ఒక్క పాటయినా విన్నాడా?"

అక్కయమ్మ సంచీ మూతి ముడేస్తూ చెప్పింది: "జొరమొచ్చి చెవులు రెండూ పోకముందు శానా పాటలు ఇంటా ఉండెనంట అప్పా, ఇప్పుడు చూసుకుంటా ఉండాడు."