రుద్దకే పిల్లా

పట్టణం తాగే ట్యాంకులోకి పాత గని నీరు చేరిందేమోనని అనుమానం. ఆ రాత్రి ప్రయోగశాలలో మిలెనా ఒక్కతే ఉంది. ఆమె నీటి పీహెచ్, అంటే ఆమ్లత ఎంతో, చూసి చెబితే ట్యాంకు దగ్గర కాపున్న బోయ్కో నీళ్ల గేటు మూస్తాడు.

పీహెచ్ కొలిచే గాజు ఎలక్ట్రోడ్ చేతిలోకి తీసుకోగానే ఆమె ఉలిక్కిపడింది. సాయంత్రం హడావిడిలో దాన్ని పొడిగానే వదిలి వెళ్లింది. గాజు కొన ఎండిపోతే అంకెను నమ్మలేం. కానీ ఇప్పుడు ఆ కొనకు ఉప్పు ద్రావణం నింపిన టోపీ తొడిగి ఉంది.

రోజూ అలా తొడిగేది, ఇక్కడ ఆమెకు పని నేర్పిన పెద్దావిడ రద్కాగారే. ఉల్లిపొరలాంటి ఆ గాజు నీళ్లలో ఆమ్లాన్ని ఇట్టే పసిగడుతుందని మురిసిపోయేవారు, దాన్ని పసిబిడ్డలా చూసుకునేవారు. ఆవిడ మార్చిలో పోయారు.

ఫోను మోగింది. "ఏమ్మా మహారాణీ, నిద్రపోయావా? ఊరికే నీళ్లు ఆపితే పొద్దున తిట్లు తినేది నేను!"

"ఆగు బోయ్కో, లైన్లోనే ఉండు."

పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాల్లో ముంచి చూసింది. ఏడున్నదాన్ని ఏడుగా, నాలుగున్నదాన్ని నాలుగుగా చూపించింది. గాజు బాగానే ఉంది. కడిగి, కంగారులో కాగితంతో కొనను రుద్దబోయింది.

"మిలెనా, నీ పక్కన ఎవరా ముసలావిడ?"

"ఎవరూ లేరే!"

"మరి 'రుద్దకే పిల్లా, అద్దు' అని కసురుతోందెవరు?"

ఆమె చెయ్యి ఆగిపోయింది. రుద్దితే అంకె తప్పుతుందని రద్కాగారు ఎన్నిసార్లు చెప్పారో! మెల్లగా అద్ది, ట్యాంకు నీళ్లలో ముంచింది. అంకె జారుతూ జారుతూ ఐదు దగ్గర నిలిచింది. మంచినీళ్లయితే ఏడు దగ్గర ఆగేది. ఇది గని నీరే.

"గేటు మూసెయ్," అంది, వెనక్కి చూడకుండా.

తర్వాత టోపీ కోసం బల్ల తడిమింది. ఎవరో దాన్ని ఆమె అరచేతిలో పెట్టారు.